ఏటవాలు మలుపులో వెనక ఎడమ సీటు

దయ్యాలూ ఆత్మలూ శకునాలూ, వీటిలో దేనికీ మా ఇంట్లో చోటు లేదు. గొప్పకు చెప్పడం లేదు, నా స్వభావమే అంత. ఎవరైనా ఇలాంటి సంగతి మొదలుపెడితే ముందు కిటికీ గడియ సరిగ్గా పడిందా, ఇంటి వైరింగ్ ఎప్పటిది అని అడుగుతాను. అందుకే మా స్నేహితుల విందుల్లో దయ్యాల కబుర్లు నేను లేచి వెళ్లాకే మొదలవుతాయి.

బ్రిస్బేన్ దగ్గర స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా తమ్ముడు అద్దె ఇంట్లోకి మారిన కొత్తలో, చీకటి పడగానే నెత్తి మీద ఎవరో పరుగెడుతున్నారని ఇల్లు ఖాళీ చేయబోయాడు. మా మరదలు అప్పటికే గుమ్మానికి నిమ్మకాయలు కట్టేసింది. నేను వెళ్లి, నిచ్చెన వేసుకుని కప్పులోకి టార్చి కొట్టి చూస్తే, పిల్లి అంత ఉండే పోసమ్ అనే జంతువొకటి వీపు మీద పిల్లనెక్కించుకుని నావైపే గుడ్లప్పగించి చూస్తోంది. ఇక్కడి ఇళ్ల కప్పుల్లో ఆ జంతువులు కాపురం పెట్టడం మామూలే. మా మరదలిని ఆ నిమ్మకాయలతో పులిహోర చేయమని ఏడిపించాను.

అలాంటి నేను ఈ అనుభవం రాస్తున్నాను. చదివి నవ్వేవాళ్లు నవ్వండి. ఇంకొకరు రాస్తే నేనూ నవ్వేవాడినే.

నేను రోడ్లు డిజైన్ చేసే ఇంజనీరుని. చదువు కాకినాడలో, ఉద్యోగం మొదటినుంచీ సిడ్నీలో. కచ్చితంగా చెప్పాలంటే నా పని మలుపులు. రోడ్డు ఎక్కడ ఎంత వంపు తిరగాలి, వంపులో ఏ పక్కకు ఎంత వాలు ఇవ్వాలి, ఎంత వేగంతో వచ్చినవాడు క్షేమంగా బయటపడతాడు అన్నవి లెక్కకట్టడం. నా భార్య సుజాత నర్సు. కిడ్నీ రోగులకు డయాలసిస్ చేసే విభాగంలో పనిచేస్తుంది. వెస్ట్‌మీడ్‌లో ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దూరంలో మా ఫ్లాట్.

మా వీధి చివర అపార్ట్‌మెంట్లో రాజ్యలక్ష్మి ఆంటీ ఉండేవారు. గుంటూరువారు. డాక్టరుగా ఎప్పుడో ఈ దేశం వచ్చి, ఇక్కడే రిటైరయ్యారు. అంకుల్ పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. ఆ వీధిలోకి అద్దెకొచ్చిన ప్రతి తెలుగు కుటుంబానికీ ఆవిడే పెద్దదిక్కు. ఆ దిక్కు నుంచి ముందు తిట్లు వచ్చేవి, తరువాత గోంగూర పచ్చడి వచ్చేది. నన్ను పేరుపెట్టి పిలిచిన గుర్తు లేదు. "ఏమయ్యా ఇంజనీరూ, మీ రోడ్లన్నీ ఇట్టా వంకరటింకరగానే ఏస్తారా, లేకపోతే మా గుళ్లకాడికి పొయ్యేవే అట్టా ఏస్తారా?" అనేవారు.

ఆ గుడి హెలెన్స్‌బర్గ్‌లోని వేంకటేశ్వరుడి గుడి. సెలవు దొరికిన శనివారాల్లో సుజాత ఆంటీని కారులో అక్కడికి తీసుకెళ్లేది. ఆంటీ ఎప్పుడూ వెనక ఎడమ సీట్లోనే కూర్చునేవారు. ముందు కూర్చుంటే ఎండ ముఖాన కొడుతుందని సాకు. అసలు సంగతి ఏమిటంటే, పట్టుచీర కట్టుకుని, ప్రసాదం డబ్బాలు పక్కన పెట్టుకుని దర్జాగా కూర్చోవడానికి వెనక సీటే వీలు.

అలా గుడి నుంచి తిరిగి వస్తున్న ఒక మధ్యాహ్నం మోటార్‌వే మీద ముందు బళ్లు ఆగాయి. సుజాత కూడా ఆపింది. వెనక వస్తున్న లారీ ఆగలేదు.

సుజాతకు మెడ పట్టేయడం తప్ప ఏమీ కాలేదు. ఆంటీ మర్నాడు ఆసుపత్రిలో పోయారు. తప్పు పూర్తిగా లారీదేనని అందరూ ఒప్పుకున్నారు, లారీ నడిపినతనూ ఒప్పుకున్నాడు.

కానీ మాకు ఆ వివరాలు చెప్పడానికి వచ్చిన పోలీసు అమ్మాయి ఒక మాట మెల్లగా చెప్పింది. ఆంటీ సీటు బెల్టు కొక్కెంలో బిగించే ఉంది. అయితే అది ఆవిడ ముందునుంచి కాక వెనకనుంచి వెళ్లింది. బెల్టును వీపు వెనకగా లాగి బిగించి, దాని ముందు కూర్చున్నారన్నమాట. మనవాళ్లలో ఈ అలవాటు ఎంతమందికి ఉందో నాకు తెలుసు. చీర నలగకూడదు, బెల్టు పెట్టుకోలేదని కారు గోల చేయకూడదు. రెండూ ఒకే ఉపాయంతో తీరిపోతాయి. ఊళ్లో కుర్రకారుకంతా హెల్మెట్ల గురించి శ్రీరంగనీతులు చెప్పిన డాక్టరమ్మ ఆ పని చేశారంటే నాకు కోపం వచ్చింది. చనిపోయిన మనిషి మీద అంత కోపం రావడం నాకు అదే మొదలు.

ముందునుంచి పెట్టుకుని ఉంటే బతికేవారా అని సుజాత ఆసుపత్రిలో డాక్టర్లను అడిగింది. చెప్పలేమన్నారు. ఆ ఒక్క మాట మా ఇంట్లో తిష్ట వేసుకుని కూర్చుంది.

సుజాతకు ఒక అలవాటు ఉండేది. బండి కదిలించే ముందు వెనక్కి తిరిగి చూసి, "బెల్టులు?" అని అడిగేది. మా అమ్మాయి మేఘన "Yes, Amma" అని విసుక్కునేది. ఆ రోజు గుడి దగ్గర అలా తిరిగి చూసిందా, అడిగిందా అన్నది సుజాతకు గుర్తు రావడం లేదు. ప్రమాదానికి ముందు జరిగిన సంగతులు కొందరికి అలా చెరిగిపోతాయట. కారు గోల చేయలేదు కాబట్టి బెల్టు పెట్టుకున్నారనే అనుకుని ఉంటుంది. తప్పు లారీదేనని ఎన్నిసార్లు చెప్పినా ఆమె అడిగేది ఒక్కటే. "నేను చూశానా లేదా అండీ?" దానికి జవాబు చెప్పగలిగిన ఒక్క మనిషీ ఇప్పుడు లేరు.

తరువాత ఏడాదికి పైగా సుజాత రోడ్డు మీద కారు నడపలేదు. కొత్త కారు కొన్నాం, నేనే నడిపాను. ఖాళీగా ఉన్న కారు పార్కుల్లో ఆమెను ఒకటి రెండుసార్లు స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి చూశాను. మెల్లగా నడిపేది. వేగం కాస్త పెరిగితే మాత్రం కళ్లు రోడ్డు మీద ఉండేవి కావు, అద్దంలోకి పోయేవి. వెనక ఏదైనా బండి వస్తుందేమోనని చూస్తోందనుకున్నాను నేను. ఆమె చూసేది వెనక సీటు వైపని చాలా రోజులకు చెప్పింది.

సరిగ్గా అప్పుడే ఆమె ఎన్నాళ్లుగానో కోరుకున్న ఉద్యోగం వచ్చింది. ఇళ్లలోనే డయాలసిస్ చేసుకునే రోగుల దగ్గరకు వెళ్లి చూసి రావాలి. అంటే రోజంతా కారులో తిరగాలి, ఒక్కోసారి రోగిని వెనక సీట్లో ఎక్కించుకుని తీసుకురావాలి. చేరతావా లేదా చెప్పమని పెట్టిన గడువు దగ్గర పడుతోంది. వద్దని చెప్పేస్తానంది. ఒద్దికగా నవ్వుతూ చెప్పింది గానీ, ఆ రాత్రి అన్నం కెలికి లేచిపోయింది. ఇప్పుడు వదులుకుంటే ఇక జన్మలో కారు నడపదని నాకు అర్థమైంది. కారు సంగతి అటుంచితే, నా భార్య కొంచెం కొంచెంగా నాకు దూరమవుతోందని నాకు భయం వేసింది.

ఇక్కడ ఒక ట్రాక్ సంగతి చెప్పాలి.

సిడ్నీకి పడమటి కొండలు దాటి బాగా లోపలికి వెళితే, గొర్రెల మేత భూముల మధ్య కార్ల పందేలకు కట్టిన పాత ట్రాక్ ఒకటి ఉంది. ఎక్కడో చెప్పను, యజమానికి ఇష్టం ఉండదు. మామూలు పందెం ట్రాకుల్లా అడ్డదిడ్డంగా తిరగదు. అమెరికా పద్ధతి పెద్ద ఓవల్. పైనుంచి చూస్తే అరిగిన సబ్బుబిళ్లలా ఉంటుంది. రెండు పక్కలా పొడవైన తిన్నటి దారి, రెండు చివర్లా పెద్ద మలుపు. ఆ పందేలు ఇక్కడ బాగా ఆడతాయని ఎవరో ఆశపడి కట్టారు. కొన్నాళ్లు జనం వచ్చారు, తరువాత రావడం మానేశారు. ఇప్పుడు దాన్ని పడగొట్టాలా, బస్సు డ్రైవర్ల శిక్షణకు వాడుకోవచ్చా అని తేల్చే పని మా ఆఫీసుకు వచ్చింది. కొలతలు నా వంతు.

మొదటిసారి ఆ మలుపు దగ్గర నిలబడినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. అది దయ్యాల పులకరింత కాదు, ఇంజనీరు పులకరింత. మేం వేసే రోడ్లలో మలుపుకిచ్చే వాలు కంటికి కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. ఇక్కడ రోడ్డు మొత్తం గోడలా లేచి నిలబడి ఉంది. దాని మీద నిటారుగా నడవలేరు, ఒక చెయ్యి నేలకు ఆనించి పాకాలి. తారు వేసేటప్పుడు రోలర్ దొర్లిపోకుండా, గట్టు పైన ఇంకొక యంత్రం తాడుతో దాన్ని పట్టుకుని పక్కనే నడిచేదట.

అయితే అసలు పనితనం వాలులో లేదు, వాలు మొదలయ్యే చోట ఉంది. బల్లపరుపుగా ఉన్న దారి ఎక్కడ మెలి తిరగడం మొదలుపెట్టిందో కారులో కూర్చున్నవాడికి తెలియకూడదు. ఆ మెలి తొందరగా తిరిగితే బండి ఎగిరిపడుతుంది. దీన్ని గీసినవాడెవడో మహానుభావుడు. ఎంత వెతికినా ఒక్క కుదుపు దొరకలేదు.

ఇలాంటి మలుపులో ఒక చిత్రం ఉంది. ప్రతి వాలుకీ దానికి సరిపడే వేగం ఒకటి ఉంటుంది. అంతకంటే మెల్లగా వెళితే బండి కిందకు జారబోతుంది, గట్టిగా వెళితే పైకి పోబోతుంది. సరిగ్గా ఆ వేగంలో వెళితే ఏ పక్కకూ లాగదు. చేతులు స్టీరింగ్ మీద ఊరికే ఆనించి ఉంచితే చాలు, రోడ్డే బండిని తిప్పుకుపోతుంది. అక్కడ ఆ వేగం గంటకు తొంభైకీ వందకూ మధ్య వస్తుందని లెక్క కట్టాను. మనిషి బరువు మాత్రం కాస్త పెరిగినట్టు ఉంటుంది, ఎవరో మెల్లగా భుజాలు పట్టుకుని సీట్లో కూర్చోబెట్టినట్టు.

ఆ లెక్క చూస్తుంటేనే సుజాత గుర్తొచ్చింది. మోటార్‌వే అంత వేగం ఉండాలి, వెనక ఒక్క లారీ ఉండకూడదు. అలాంటి చోటు ఈ భూమ్మీద ఇంకెక్కడ దొరుకుతుంది? యజమానిని అడిగితే, కాపలా మనిషి ఉన్నప్పుడు వెళ్లమన్నాడు.

ఒక ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. కాపలా చూసే గ్లెనిస్ గేటు తీసింది. అరవై దాటిన మనిషి, గొర్రెల కుక్క ఒకటి ఎప్పుడూ కాళ్లలో తిరుగుతుంటుంది. మా సంగతి నేను ముందే చెప్పాను. "టేక్ యువర్ టైమ్, లవ్. ఇక్కడ ఇప్పుడు స్పీడ్‌గా పోయేవి కుందేళ్లే" అని సుజాత భుజం తట్టి తన గదిలోకి వెళ్లిపోయింది.

మొదట నేను నడిపి చూపించాను. తరువాత సుజాత కూర్చుంది. ముందు లోపలి అంచున బల్లపరుపు దారిలో తిరిగింది. తరువాత కొంచెం కొంచెంగా వాలు ఎక్కింది. అమెరికా కార్లు తిరిగినట్టే అపసవ్యంగా, అంటే ఎడమకు తిరుగుతూ వెళ్లాం. వెనక సీట్లో నీళ్ల సీసాలు, టిఫిన్ డబ్బా ఉన్న సంచి ఉంది. బండి బాగానే నడుస్తోంది గానీ సుజాత ముఖం గంటు పెట్టుకుని ఉంది. ఏమిటని అడిగాను.

"గోడ నా భుజానికి తగులుతున్నట్టుంది. పైగా ఇలా తిరుగుతుంటే అప్రదక్షిణం చేస్తున్నట్టుందండీ. Other side తిరగకూడదా?"

నాకు నవ్వొచ్చింది. గుడి చుట్టూ కుడిచేతి వైపుగా తిరిగే మనుషులం, ఎడమకు తిరగాలంటే ఒళ్లు ఒప్పుకోదు. కానీ ఆమె అన్నదానిలో ఇంజనీరింగ్ కూడా ఉంది. ఇక్కడి కార్లలో డ్రైవరు కుడిపక్కన కూర్చుంటాడు. ఎడమకు తిరిగితే గోడ అతని పక్కనే ఉంటుంది. అందుకే ఈ ట్రాక్ మీద అమెరికా కార్లను అటూ, ఇక్కడి కార్లను ఇటూ తిప్పేవారట. ట్రాక్‌ను రెండు పక్కలకూ పనికొచ్చేలా గీశారు. సరే ప్రదక్షిణమే చేద్దాం పద అన్నాను.

దిశ మార్చాక ఆమె చేతులు తేలికపడ్డాయి. తిన్నటి దారిలో వేగం తొంభై దాటింది. మొదటి మలుపు హాయిగా తిరిగింది. రెండో మలుపులో సగం దాకా వెళ్లాం.

టింగ్, టింగ్ అని గంట మొదలైంది. స్టీరింగ్ ముందున్న తెర మీద ఎర్రటి మనిషి బొమ్మ వెలిగింది. వెనక ఎడమ సీట్లో కూర్చున్నవారు బెల్టు పెట్టుకోలేదని దాని అర్థం.

సుజాత స్టీరింగ్ గట్టిగా పట్టుకుంది. నేను వెంటనే చెప్పాను, భయపడకు, సంచి అని. సీటు కింద బరువును పసిగట్టే పరికరం ఉంటుంది. మలుపులో బరువు పెరుగుతుంది కాబట్టి సంచిని చూసి మనిషనుకుంది. చక్కటి జవాబు. చెప్పి నేనే మురిసిపోయాను. మలుపు దాటగానే గంట ఆగిపోయింది కూడా.

"ఇందాక అటు తిరిగినప్పుడు కూడా సంచి ఉంది కదా. అప్పుడు weight పెరగలేదా?" అంది సుజాత.

సంచి జరిగి ఉంటుందన్నాను. బండి ఆపించి, దిగి, వెనక తలుపు తీసి సంచి డిక్కీలో పెట్టాను. సీటు మీద ఇంకేమీ లేదు. బెల్టు తన చోట, తలుపు పక్కన నిటారుగా వేలాడుతోంది. ఇది నాకు స్పష్టంగా గుర్తుంది, ఎందుకంటే సంచి తాడు దానికి చిక్కుకుంటే విడదీశాను.

మళ్లీ బయలుదేరాం. మొదటి మలుపు మామూలే. రెండో మలుపులో, అదే చోట, గంట మోగింది. అదే ఎర్ర బొమ్మ, అదే సీటు.

సుజాత వేగం తగ్గించి, వాలు దిగి, లోపలి గడ్డి పక్కన ఆపింది. ఇంజను నడుస్తూనే ఉంది. చుట్టూ ఎండ, ఖాళీ గ్యాలరీలు, దూరంగా గ్లెనిస్ కుక్క మొరుగుడు. భయపెట్టేది ఒక్కటీ లేదక్కడ. పరికరం చెడిపోయింది, వారంటీలో ఉంది, రేపే చూపిద్దాం అని నేను గడగడా చెప్పుకుపోతున్నాను. నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

"ఎడమ సీటే" అంది సుజాత.

నేను నడుపుతాను, ఇంటికి వెళ్లిపోదాం అన్నాను. ఆమె స్టీరింగ్ వదల్లేదు. చెంపల మీద నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. ఈ రోజు ఇక్కడ సీటు మారితే ఇక అంతేనని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. నిజం చెప్పాలంటే, నేను మారదామనే కోరుకున్నాను. ఆ క్షణంలో నాకు ఆమె ఉద్యోగం కంటే ఆ మలుపు నుంచి దూరంగా వెళ్లడమే ముఖ్యమనిపించింది.

"ఇంకొక్కసారి తిరుగుతా" అంది.

ఈసారి ఆమె తిన్నటి దారిలోనే సరైన వేగం పట్టుకుంది. మొదటి మలుపులో బండి దానంతటదే తిరుగుతున్నట్టు తిరిగింది. రెండో మలుపులోకి ఎక్కాం. నా ఎడమ పక్క కిటికీలో గోడ పరుగెడుతోంది. గంట మోగింది.

సుజాత అద్దంలోకి చూసింది. ఏడాదిగా నేను చూస్తున్న ఆ బెదురుచూపు కాదు. మామూలుగా, బండి కదిలించే ముందు చూసేదే, ఆ చూపు.

"ఆంటీ, బెల్టు పెట్టుకోండి. వెనకనుంచి కాదండీ, ముందు నుంచి పెట్టుకోండి. చీర నలిగితే నేను iron చేసి పెడతా" అంది.

గంట ఆగింది.

ఆగడానికి ముందు కొక్కెం పడిన టిక్కుమనే చప్పుడు నాకు వినిపించింది. దాన్ని సాక్ష్యంగా చెప్పను, అంత వేగంలో చక్రాల హోరులో ఏ చప్పుడైనా ఏదోలా వినిపిస్తుంది. కానీ తెర మీద ఎర్ర బొమ్మ పోయి పచ్చ బొమ్మ వచ్చింది. అది ఊహ కాదు. పచ్చ బొమ్మంటే మనిషి ఉన్నాడు, బెల్టు పెట్టుకున్నాడు అని అర్థం. గంట మలుపు మధ్యలోనే ఆగింది. అంతకుముందులా మలుపు దాటాక కాదు.

తిన్నటి దారిలోకి వచ్చాక నేను వెనక్కి తిరిగాను. ఖాళీ సీటుకు అడ్డంగా, భుజం నుంచి నడుము దాకా బెల్టు ఉంది. కొక్కెంలో బిగించి ఉంది.

తరువాత నేను చేయని పరీక్ష లేదు. కారు అమ్మినవాళ్ల వర్క్‌షాపులో సీటు ఊడదీయించాను. పరికరం బాగానే ఉందన్నారు. ఆ సీట్లో బియ్యం బస్తా పెట్టి తిప్పాను, ఖాళీగా తిప్పాను. అదే ట్రాక్ మీదకు పనిమీద వెళ్లినప్పుడు రెండు దిశల్లోనూ, ఆ వేగంలోనే, ఒంటరిగా ఎన్నో చుట్లు తిరిగాను. ఒక్కసారీ మోగలేదు. ఆ మలుపు కొలతలు తీయించి మొదటి మలుపుతో పోల్చాను. కవలపిల్లల్లా ఉన్నాయి, తేడా ఏమీ లేదు.

సంచి తీసినప్పుడు పరధ్యానంగా నేనే బెల్టు బిగించానేమో అని కూడా అనుకున్నాను. నన్ను నేను అనుమానించుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ అది కుదరదు. బెల్టు ముందే బిగించి ఉంటే గంట మోగకూడదు. గంట మోగిందంటే బెల్టు లేదు. కదులుతున్న కారులో మేమిద్దరం ముందు సీట్లలో బెల్టులు పెట్టుకుని కూర్చున్నాం. నా చెయ్యి అంత దూరం అందదు, పరీక్షించి చూశాను.

మేఘనకు చెబితే, "Dad, it's just a glitch" అంది. కావచ్చు. ఎలాంటి గ్లిచ్ బెల్టు లాగి కొక్కెంలో పెడుతుందో నాకు చెప్పేవాళ్లు ఇంతవరకూ దొరకలేదు.

సుజాత ఈ పరీక్షల్లో ఒక్కదాంట్లోనూ పాలు పంచుకోలేదు. నేను మరీ విసిగిస్తే ఒకసారి అంది. "మీకు లెక్క తేలాలి. నాకు అక్కర్లేదు. ఆ రోజు అడిగానో లేదో నాకు ఎప్పటికీ గుర్తురాదు. ఈసారి అడిగాను, ఆవిడ విన్నారు."

ఆ సాయంత్రం జరిగింది కూడా చెప్పి ముగిస్తాను.

ట్రాక్ మీద బండి ఆపాక, నేను దిగి వెనక తలుపు తీయబోతే సుజాత వద్దంది. నేను నడపనా అని అడిగితే దానికీ తల అడ్డంగా ఊపింది. గ్లెనిస్‌కు చెయ్యి ఊపి, గేటు దాటి, ఆమే రోడ్డెక్కింది. కొండల్లో ఘాట్ రోడ్డంతా నడిపింది. మోటార్‌వే మీద మా వెనక లారీలు వచ్చాయి, పక్కనుంచి పోయాయి. ఆమె భుజాలు బిగుసుకోలేదు. దారిలో టీకి ఆగలేదు, పాటలు పెట్టలేదు. ముందు తెర మీద పచ్చ బొమ్మ దారి పొడుగునా వెలుగుతూనే ఉంది.

వెస్ట్‌మీడ్ చేరేసరికి పొద్దు వాలుతోంది. మా ఫ్లాట్ వైపు తిరగాల్సిన చోట సుజాత తిరగలేదు. వీధి చివరిదాకా వెళ్లి, రాజ్యలక్ష్మి ఆంటీ ఉండే అపార్ట్‌మెంట్ ముందు, పేవ్‌మెంట్ పక్కన ఆపింది. ఆ ఫ్లాట్లో ఇప్పుడు వేరే ఎవరో అద్దెకుంటున్నారు. బాల్కనీలో పిల్లల బట్టలు ఆరేసి ఉన్నాయి.

గుడి నుంచి వచ్చిన ప్రతిసారీ ఆంటీని అక్కడే దింపేది. చివరిసారి దింపలేకపోయింది.

సుజాత దిగి, చుట్టూ తిరిగి వచ్చి, వెనక ఎడమ తలుపు తీసింది. వంగి బెల్టు విప్పింది. బెల్టు దాని చోటికి మెల్లగా వెళ్లిపోయింది. ఆమె తలుపు పట్టుకుని పక్కకు తప్పుకుని నిలబడింది, పెద్దవాళ్లు దిగేటప్పుడు మనం నిలబడతామే, అలా. కొంచెంసేపయ్యాక, "జాగ్రత్త ఆంటీ" అని తలుపు వేసింది.

నేను ముందు సీట్లోనే కూర్చుని తెర వైపు చూస్తున్నాను. బెల్టు విప్పగానే పచ్చ బొమ్మ పోయి ఎర్ర బొమ్మ వచ్చింది, తరువాత అదీ ఆరిపోయింది. అది ఆరింది బెల్టు విప్పినప్పుడు కాదు. విప్పాక, ఆమె తలుపు పట్టుకుని నిలబడి ఉన్నప్పుడు. ఖాళీ సీటు అంతకుముందూ ఖాళీ, ఆ తరువాతా ఖాళీ. మరి ఆ మధ్యలో సీటు మీద బరువు ఎప్పుడు తగ్గిందో, ఎందుకు తగ్గిందో, నా చదువులో ఎక్కడా లేదు.

మర్నాడు సుజాత ఉద్యోగానికి ఒప్పుకుంది. ఇప్పుడు రోజూ సిడ్నీ అంతా తిరుగుతోంది. నేను ఇప్పటికీ దయ్యాలను నమ్మను. అయితే ఆ వీధి చివర మీదుగా నడిచి వెళ్లేటప్పుడు, ఎవరూ చూడకుండా, ఆ బాల్కనీ వైపు తలెత్తి ఒక నమస్కారం పెడతాను.